అడుగున్నర గొయ్యి

మీ బాత్రూమ్‌లో నీళ్లు పోయే జాలీ ఎత్తి కింద ఏముందో ఎప్పుడైనా చూశారా? చిన్న గిన్నెలాంటిది ఉంటుంది. ప్లంబర్లు దాన్ని నహానీ ట్రాప్ అంటారు. అందులో ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలబడి ఉంటాయి. అడ్డుగా ఉండేది ఆ నీళ్లే. అవతల పైపులో ఉన్న గాలి, కంపు, బొద్దింకలు ఇవతలికి రాకుండా ఆపేది ఆ రెండంగుళాల నీళ్లే. వేసవి సెలవులకు నెల రోజులు ఊరెళ్లి తిరిగొచ్చి తలుపు తీయగానే ఇల్లంతా కంపు కొట్టిందంటే ట్రాప్‌లో నీళ్లు ఆవిరైపోయాయని అర్థం. ఒక బకెట్ నీళ్లు పోయండి, చాలు. యాసిడ్ సీసా కొనక్కర్లేదు. పైగా మీది సెప్టిక్ ట్యాంక్ అయితే ఆ యాసిడ్ లోపల పనిచేసే బ్యాక్టీరియాను చంపేస్తుంది.

ఈ చిన్న ఏర్పాటు లేని ఇల్లు ఎలా ఉంటుందో దాదాపు 130 ఏళ్ల కిందట ఒక యువ లాయరు ముక్కు మూసుకుని చూశాడు. ఆయన పేరు మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ. ఉప్పు సత్యాగ్రహం, క్విట్ ఇండియా మీరు స్కూల్లో చదివేశారు. స్వచ్ఛ భారత్ లోగోలో ఆ కళ్లద్దాలు ఎందుకున్నాయో మాత్రం మన సిలబస్ సరిగ్గా చెప్పలేదు. అందుకే ఈసారి ఆయన జీవితాన్ని డ్రైనేజీ వైపు నుంచి చెబుతాను. నాది సివిల్ బ్రాంచి కాదు, అయినా ఈ కథలో ఇంజినీరింగ్ చాలా ఉంది.

1869లో పోర్‌బందర్‌లో పుట్టారు. తండ్రి సంస్థానంలో దివాన్. ఇంట్లో మరుగుదొడ్డి శుభ్రం చేయడానికి ఊకా అనే అతను వచ్చేవాడు. అతన్ని పొరపాటున తాకితే స్నానం చేయమని తల్లి చెప్పేది. పిల్లవాడు మాట వినేవాడు కానీ, ఇదెందుకని వాదించేవాడు కూడా. 18 ఏళ్లకు లండన్ వెళ్లి 1891లో బారిస్టరై తిరిగొచ్చారు. ఇక్కడ ప్రాక్టీసు సాగలేదు. 1893లో ఒక కంపెనీ కేసు పని మీద దక్షిణాఫ్రికా వెళ్లారు. ఆ తర్వాత రైలు నుంచి దించేసిన సంగతి మీకు తెలిసిందే కాబట్టి దాటేద్దాం.

1896లో కొన్ని నెలల కోసం ఇండియా వచ్చారు. అప్పుడే బొంబాయిలో ప్లేగు మొదలైంది. రాజ్‌కోట్‌కు కూడా వస్తుందేమోనని అందరికీ భయం. గాంధీ వెళ్లి శానిటేషన్ విభాగంలో పనిచేస్తానని అడిగారు. సంస్థానం ఒక కమిటీ వేసి ఆయన్ని అందులోకి తీసుకుంది. మరుగుదొడ్లు తనిఖీ చేద్దామన్నది ఆయన పట్టుదల. ఒక్కసారి ఊహించుకోండి. లండన్‌లో చదివిన బారిస్టరు, దాదాపు 27 ఏళ్ల వయసు, అంటే ఇంచుమించు మీ వయసే, వీధి వీధీ తిరుగుతూ మీ దొడ్డి చూపించండి అని అడుగుతున్నాడు.

పేదవాళ్లు అభ్యంతరం చెప్పలేదు. చెప్పిన మార్పులు చేసుకున్నారు కూడా. గొడవంతా పెద్దిళ్లలోనే. కొందరు లోపలికే రానివ్వలేదు. వాళ్ల దొడ్లు చీకటిగా, గాలి లేకుండా, పురుగులతో ఉండేవి. కమిటీ సూచించినవి ఏమంత గొప్ప సంస్కరణలు కావు. మలం నేల మీద పడకుండా ఒక బకెట్, మూత్రం నేలలోకి ఇంకకుండా ఇంకో బకెట్ పెట్టమన్నారు. బయటి గోడకూ దొడ్డికీ మధ్య ఉన్న అడ్డుగోడ కొట్టేసి వెలుతురూ గాలీ రానివ్వమన్నారు. శుభ్రం చేసే మనిషికి కూడా అప్పుడు పని సులువవుతుంది. పెద్దింటివాళ్లు ఎక్కువగా ఎదురుతిరిగింది ఈ మూడో దానికే. చాలామంది అసలు అమలే చేయలేదు.

దళితవాడకు వెళ్దామంటే కమిటీలో ఒక్కరే ఆయన వెంట వచ్చారు. అక్కడ దొడ్లే లేవు, అందరూ బయటికే వెళ్తారు. ఇళ్లలోకి వెళ్లి చూస్తే మాత్రం పేడతో అలికిన నేల, తోమిపెట్టిన కొద్దిపాటి గిన్నెలు, అంతా శుభ్రం.

ఇక ఆయన ముక్కు మూసుకున్న ఇల్లు. ఊళ్లో బాగా డబ్బున్నవాళ్లది. ప్రతి గదిలో ఒక తూము ఉంది. నీళ్లు పారబోసేదీ అందులోకే, మూత్రం పోసేదీ అందులోకే. మేడ మీది పడకగదిలో అయితే ఆ తూమునే మరుగుదొడ్డిగా కూడా వాడేవారు. అక్కడి నుంచి ఒక పైపు నేరుగా కిందికి దిగేది. ఆ గదిలో నిమిషం నిలబడటమే కష్టం. అందులోనే వాళ్లు నిద్రపోయేవారు.

ఇంజినీరుగా చూస్తే తప్పు ఎక్కడుందో మీకు వెంటనే తెలిసిపోతుంది. పైపు ఉంది, ట్రాప్ లేదు. వంపు తిరిగిన పైపులో నీళ్లు నిలబెట్టి వాసన ఆపే ఉపాయానికి అలెగ్జాండర్ కమింగ్ 1775లోనే లండన్‌లో పేటెంట్ తీసుకున్నాడు. 120 ఏళ్ల తర్వాత కూడా రాజ్‌కోట్ మేడకు అది చేరలేదు. డబ్బు లేక కాదు. శుభ్రం చేసేవాడు వేరే మనిషి కాబట్టి, దాని గురించి ఆలోచించాల్సిన అవసరం ఇంట్లో ఎవరికీ రాలేదు. నా ఉద్దేశంలో గాంధీకి రాజ్‌కోట్‌లో తగిలిన అసలు పాఠం ఇదే.

మళ్లీ డర్బన్. ఇప్పుడు భార్యాపిల్లలతో. ఇల్లు ఇంగ్లిషువాళ్ల పద్ధతిలో కట్టింది, గదుల్లో తూములు లేవు. రాజ్‌కోట్ మేడ చూసొచ్చిన మనిషి కాబట్టి అది సరైన పద్ధతే అనుకున్నారు. తూము లేకపోతే మరి రాత్రిపూట ఏం చేయాలి? ప్రతి గదిలో ఒక పాత్ర పెట్టేవారు. పొద్దున్నే దాన్ని తీసుకెళ్లి పారబోసి కడగాలి. ఆఫీసు గుమాస్తాలు కొందరు ఆ ఇంట్లోనే ఉండేవారు. వాళ్లలో పాతవాళ్లు తమది తామే కడుక్కునేవారు. కొత్తగా వచ్చిన ఒక గుమాస్తా పాత్ర కడిగే పని మాత్రం భార్యాభర్తల మీద పడింది. అతను క్రైస్తవుడు, తల్లిదండ్రులు పంచములు.

కస్తూర్బా మిగతావి ఎలాగో భరించారు, ఇది భరించలేకపోయారు. భర్త చేస్తే చూడలేరు, తాను చేయనూ లేరు. చివరికి కళ్లనీళ్లు పెట్టుకుని ఆ పాత్ర పట్టుకుని మెట్లు దిగారు. గాంధీకి అదీ సరిపోలేదు. నవ్వుతూ చేయాలట! ఇలాంటివి నా ఇంట్లో కుదరవని అరిచారు. అయితే నీ ఇల్లు నువ్వే ఉంచుకో, నన్ను పంపించెయ్ అని ఆవిడ ఎదురు తిరిగారు. ఆయన చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకెళ్లి, గేటు తీసి బయటికి నెట్టబోయారు. పరాయి దేశంలో నేనెక్కడికి పోను, నీకు సిగ్గు లేదా అని ఆవిడ ఏడుస్తూ నిలదీశాకే ఆయనకు ఒళ్లు తెలిసింది. 1898 నాటి ఈ సంగతిని ఆయనే తన ఆత్మకథలో రాసుకున్నారు.

నాకు ఇక్కడ గాంధీ మీద కోపం వస్తుంది, మీకూ రావాలి. సమానత్వం ఆయన సిద్ధాంతం. బకెట్ మోయాల్సి వచ్చింది మాత్రం ఆవిడ. మన ఇళ్లలో ఇవాళ్టికీ బాత్రూమ్ కడిగేది ఎవరో ఒకసారి చూసుకోండి.

1901లో కలకత్తా కాంగ్రెస్‌కు వెళ్లారు. ప్రతినిధులు ఎక్కువ, దొడ్లు తక్కువ. నిలవలేనంత కంపు. వాలంటీర్లను అడిగితే అది మా పని కాదు, పాకీవాళ్ల పని అన్నారు. ఆయన ఒక చీపురు కావాలని అడిగారు. అడిగినందుకే వాళ్లు వింతగా చూశారు. చీపురు వెతికి తెచ్చుకుని ఒక దొడ్డి కడిగారు. కానీ అది తన కోసమే. వందల మంది వాడే చోట ఒక్కడు అన్నీ కడగలేడు కదా. మంచితనానికి స్కేల్ సమస్య ఉంటుంది. అది ఆయనకు అక్కడ తెలిసింది.

1904లో జోహానెస్‌బర్గ్‌లో ప్రాణాల మీదికి వచ్చింది. అక్కడ భారతీయుల్ని లొకేషన్ అనే ఒక వాడలోనే ఉండమన్నారు. రోడ్లు లేవు, దీపాలు లేవు, మురుగు పట్టించుకునే నాథుడు లేడు. జనం పెరుగుతున్నా మున్సిపాలిటీ వేలు కదపలేదు. తమ నిర్లక్ష్యంతో పెరిగిన మురికినే సాకుగా చూపి వాడను ఖాళీ చేయించాలని చూసింది. ఈ లాజిక్ మన నగరాల్లో కూడా మీరు విని ఉంటారు. మార్చిలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చింది. 23 మంది భారతీయ కూలీలు ఒక్కసారే పడిపోయారు. గాంధీ సైకిలెక్కి అక్కడికి వెళ్లారు. స్నేహితులు ఒక ఖాళీ ఇంటి తాళం పగలగొట్టి రోగుల్ని చేర్చారు. ఆ తర్వాత మున్సిపాలిటీ ఇచ్చిన ఒక గోడౌన్‌ను కడిగి ఆస్పత్రిగా మార్చుకున్నారు. రోగుల్లో చాలామంది చనిపోయారు, మున్సిపాలిటీ పంపిన నర్సు కూడా చనిపోయింది. చివరికి వాడ మొత్తాన్ని ఖాళీ చేయించి తగలబెట్టేశారు.

ఇక ఈ వ్యాసానికి పేరు ఇచ్చిన గొయ్యి దగ్గరికి వద్దాం. 1910లో సత్యాగ్రహుల కుటుంబాలకు నిలవనీడ కావాల్సి వచ్చింది. ఆర్కిటెక్ట్ అయిన స్నేహితుడు కాలెన్‌బాక్ జోహానెస్‌బర్గ్‌కు 21 మైళ్ల దూరంలో 1100 ఎకరాలు కొని ఉచితంగా వాడుకోమని ఇచ్చారు. అదే టాల్‌స్టాయ్ ఫార్మ్. పండ్ల చెట్లు దాదాపు వెయ్యి, రెండు బావులు, ఒక చిన్న ఊట, ఒక చిన్న ఇల్లు. గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివాళ్లు, ఆంధ్రదేశం నుంచి వెళ్లినవాళ్లు, అందరూ కలిసి సుమారు 70 మంది. అవును, ఆ ఫార్మ్‌లో తెలుగువాళ్లు కూడా ఉన్నారు. మద్రాసు ఓడల్లో నాటల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో మన జిల్లాలవాళ్లు చాలామందే.

70 మంది, డ్రైనేజీ లైను లేదు, పనివాళ్లు లేరు, నీళ్లు దూరం నుంచి మోసుకురావాలి. మీకు ఈ ప్రాజెక్ట్ ఇస్తే ఏం చేస్తారు?

ఆయన చేసింది ఇది. ఇంటికి దగ్గర్లోనే అడుగున్నర లోతు చతురస్రపు గొయ్యి తవ్వించారు. మలం అందులో పడాలి, తవ్వి తీసిన మట్టితోనే పూర్తిగా కప్పేయాలి. వాడిన నీళ్లు ఒక్క చుక్క కూడా దారి మీద పోయకూడదు. బకెట్లలో పట్టి చెట్లకు పోయాలి. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం ఎరువుకు పోవాలి. మిగతా చెత్తకు వేరే కందకాలు. వాసన రాలేదు, ఈగల్లేవు. అక్కడ మలం పూడ్చారని చెబితే తప్ప తెలిసేది కాదు.

ఇది ఎందుకు పనిచేసిందో చూడండి. మొదటిది, ఆయన మలాన్ని నీళ్లతో కలపలేదు. నీళ్లు కలిపిన మరుక్షణం చారెడు వ్యర్థం బకెట్ల కొద్దీ మురుగవుతుంది, దాన్ని ఎక్కడికో పంపాలి. పొడి మట్టి తేమను పీల్చేస్తుంది, ఈగ గుడ్లు పెట్టే వీలుండదు. రెండోది లోతు. జార్జ్ వివియన్ పూర్ అనే లండన్ డాక్టరు పల్లె ఆరోగ్యం మీద రాసిన పుస్తకం గాంధీకి బాగా ఇష్టం. మలాన్ని తొమ్మిది నుంచి పన్నెండు అంగుళాలకు మించి లోతుగా పూడ్చొద్దని అందులో ఉంటుంది. నేల పై పొరలో గాలి ఆడుతుంది, సూక్ష్మజీవులు ఎక్కువ. పని త్వరగా అవుతుంది. లోతుకు పోతే గాలి అందదు, పైగా భూగర్భ జలానికి దగ్గరవుతాం. పూర్ కంటే ముందే హెన్రీ మౌల్ అనే ఇంగ్లిషు పాదిరి, 1860లో, పొడి మట్టితో పనిచేసే మరుగుదొడ్డికి పేటెంట్ తీసుకున్నాడు. కాబట్టి ఐడియా గాంధీది కాదు. చేతికి పార ఇచ్చి అందరి చేతా, తనతో సహా, రోజూ చేయించడం మాత్రం ఆయనదే. మెయింటెనెన్స్ అంటే అదే కదా.

ఈ డిజైన్‌కు హద్దులున్నాయి. 70 మందికి 1100 ఎకరాలున్నాయి కాబట్టి గొయ్యి నిండితే ఇంకోటి తవ్వుకోవచ్చు. మీ 150 గజాల స్థలంలో కుదరదు. నల్లరేగడిలో నీళ్లు ఇంకవు. కోనసీమలాంటి చోట కాస్త తవ్వితేనే నీళ్లు ఊరుతాయి, గొయ్యి తవ్వితే నేరుగా బావిలో కలిపినట్టే.

1915లో ఇండియా వచ్చేశారు. ఆ ఏడాది హరిద్వార్ కుంభమేళాలో, ఫీనిక్స్ ఆశ్రమం నుంచి వచ్చిన కుర్రాళ్లు యాత్రికుల దొడ్డి గుంతల్లో మట్టి కప్పే పని అడిగి మరీ తీసుకున్నారు. తర్వాత కొచ్‌రబ్, సబర్మతి ఆశ్రమాల్లో దొడ్లు కడగడానికి వేరే మనిషిని పెట్టలేదు, వంతులవారీగా అందరూ చేయాలి. 1935లో వార్ధా దగ్గర సింది అనే పల్లెలో ఆశ్రమవాసులు బకెట్లు, పారలు పట్టుకుని దారులు శుభ్రం చేసేవారు. ఆయన కార్యదర్శి మహదేవ్ దేశాయ్ కూడా బకెట్ మోశారు. ఊరివాళ్ల అలవాటు మాత్రం అంత తేలిగ్గా మారలేదు. వీళ్లు ఎత్తుతున్నారు, వాళ్లు కూర్చుంటున్నారు. కలకత్తాలో ఎదురైన స్కేల్ సమస్యే మళ్లీ.

ఇక్కడే అంబేడ్కర్ అడ్డం తిరిగారు, న్యాయంగానే. 1936లో గాంధీ పారిశుధ్య పనివాణ్ని సమాజానికి తల్లిలాంటివాడని పొగుడుతూ రాశారు. అంబేడ్కర్ 1945 నాటి తన పుస్తకంలో దాన్ని తూర్పారబట్టారు. ఈ దేశంలో మనిషి పాకీవాడయ్యేది చేసే పని వల్ల కాదు, పుట్టుక వల్ల. అతని పనిని పవిత్రమని పొగిడితే అతను అందులోనే ఉండిపోతాడు. అంబేడ్కర్ వాదన సారం ఇది. ఇద్దర్నీ చదివాక నాకు అనిపించింది చెబుతాను. పై కులం వాడి చేత చీపురు పట్టించడం గాంధీ సాధించింది. అసలు ఎవరి చెయ్యీ పెట్టాల్సిన అవసరం లేని డిజైన్ ఆయన దగ్గర లేదు. 1946లో ఢిల్లీలో పారిశుధ్య కార్మికుల కాలనీలో ఉండటానికి వెళ్లినప్పుడు కూడా లేదు. 1948 జనవరి 30న ఆయన చనిపోయారు.

ఆ డిజైన్ వచ్చింది ఆయన శతజయంతి పుణ్యాన. 1968లో బిహార్ గాంధీ శతజయంతి కమిటీలో బిందేశ్వర్ పాఠక్ అనే యువకుడు చేరాడు. 1970లో సులభ్ సంస్థ పెట్టాడు. జంట గుంతల మరుగుదొడ్డిని ఊరూరా తీసుకెళ్లాడు. ఆ పింగాణీ బేసిన్ బాగా ఏటవాలుగా ఉంటుంది, ఒకటిన్నర రెండు లీటర్ల నీళ్లతోనే కొట్టుకుపోతుంది. దాని కింద 20 మిల్లీమీటర్ల నీటి సీల్. రాజ్‌కోట్ మేడలో లేనిది ఇదే. అక్కడి నుంచి పైపు ఒక చాంబర్‌లోకి వెళ్లి రెండుగా చీలుతుంది. ఒకసారికి ఒక గుంతలోకే వదలాలి. గుంతల అడుగున కాంక్రీట్ వేయరు, పక్క గోడలకు కన్నాలు వదులుతారు. నీళ్లు మట్టిలోకి ఇంకిపోతాయి. గుంత సైజును బట్టి మూడు నాలుగేళ్లకు నిండుతుంది. అప్పుడు దారి రెండో గుంతకు తిప్పి, మొదటిదాన్ని కనీసం ఏడాదిన్నర, రెండేళ్లు మూసి ఉంచాలి. మంచినీళ్ల బావికి, బోరుకు సాధారణంగా పది మీటర్ల దూరం పాటించమంటారు.

మన పల్లెల్లో ఇప్పుడు చాలామంది జంట గుంతలు అనుకుని కట్టించుకునేది వేరు. ఒక గుంత తవ్వి, సిమెంటు వరలు దించి, దాని పైపునే రెండో గుంతకు కలిపేస్తారు. అంటే రెండూ ఒకేసారి నిండుతాయి, విశ్రాంతి ఇచ్చే గుంతంటూ ఉండదు. మీ ఊళ్లో ఇల్లు కడుతుంటే మేస్త్రీని ఈ ఒక్క ప్రశ్న అడగండి: దారి తిప్పే చాంబర్ ఎక్కడ?

సెప్టిక్ ట్యాంక్ అయితే లెక్క ఇంకోలా ఉంటుంది. అది మురుగును మాయం చేయదు, గట్టిపదార్థాన్ని అడుగున ఆపుతుంది, అంతే. బయటికొచ్చే నీళ్లు ఇంకుడు గుంతకు పోవాలి. చాలా ఇళ్లలో సైడు కాలువలోకి వదిలేస్తారు. రెండు మూడేళ్లకోసారి బండిని పిలిచి తోడించాలి. పదేళ్లకు పొంగినప్పుడు పిలిస్తే లోపల గడ్డకట్టి పైపుతో రాదు. అప్పుడే ఎవరో ఒకరు మనిషిని దిగమంటారు. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, ఎక్కువ మోతాదులో ఉంటే నిమిషాల్లో ప్రాణం పోతుంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. దిగమన్న ఇంటి యజమాని కూడా కేసులో ఉంటాడు.

తోడిన బండి ఎక్కడ పారబోస్తుందన్నది తర్వాతి ప్రశ్న. వరంగల్‌లాంటి చోట్ల దానికి శుద్ధి కేంద్రాలున్నాయి. సివిల్, కెమికల్, ఎన్విరాన్‌మెంటల్ బ్రాంచిల వాళ్లు ఒకసారి వెళ్లి చూడండి. ఇంటర్న్‌షిప్ అడిగితే క్యూ కూడా ఉండకపోవచ్చు.

జంట గుంతల్లో మూసి ఉంచిన దాన్ని రెండేళ్లకు తెరిస్తే వాసన ఉండదు. అడుగున నల్లగా, పొడిపొడిగా మట్టి. పారతో తీసి కొబ్బరి చెట్టు మొదట్లో వేసుకోవచ్చు. తీయడానికి ఎవరినో పిలవక్కర్లేదు, ఆ ఇంటివాళ్లే తీసుకోవచ్చు.